అనంతగిరి మలుపులో వరాలక్క

వరాలక్క మా వంటింటి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాత క్యాలెండరు వెనకవైపు ఎర్ర స్కెచ్ పెన్నుతో దారి గీస్తోంది, విజయనగరంలో మొదలైన గీత శృంగవరపుకోట దాటి, బొడ్డవర దాటి, వంకర్లు తిరుగుతూ అనంతగిరి ఘాట్ ఎక్కుతోంది, పెన్ను ఆగిన చోటల్లా గచ్చులోంచి సన్నగా మంచు లేస్తోంది. ఆవిడ మా బావగారి భార్య, నా తోడికోడలు, పోయి పదకొండు నెలలైంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా ఆశ్చర్యం కలగడం లేదు గానీ ఒళ్లంతా మంట పుడుతోంది, ఎందుకంటే ఆవిడ తలెత్తి, అసలేమీ జరగనట్టు, "తులసీ, మొదటిరోజు అరకులో ఆగిపోదామా, పాడేరు దాకా లాగీగలవా?" అని అడుగుతోంది.

"ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నావక్కా?" అంటాను.

"ఉన్న మొహమే," అంటుంది పెన్ను మూత పళ్ల మధ్య పట్టుకుని. "వంజంగి కొండ తెల్లారీసరికి ఎక్కాలి. పాడేరులో ఉంటేనే మేలు. మబ్బులు మన కాళ్ల కింద ఉంటాయంట, సముద్రంలాగ."

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. మూడేళ్ల కిందట మేమిద్దరం ఒకేసారి కారు నేర్చుకున్నాం, అప్పటికి ఆవిడకి యాభై మూడు, నాకు నలభై ఏడు. నేర్పే మాస్టారు మమ్మల్ని చూసి నవ్వాపుకోలేకపోతుంటే, "నవ్వు బాబూ, బాగా నవ్వు, మేం కొండలెక్కొచ్చాక నీకు ఫోటోలు చూపిస్తాం," అంది వరాలక్క. లైసెన్సులు చేతికొచ్చిన రోజే అనుకున్నాం, మగాళ్లెవరూ వద్దు, వండిపెట్టడాలు వద్దు, మేమిద్దరమే నాలుగు రోజులు, బొర్రా గుహలు, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం మీదుగా ఇంటికి.

"ఆ కాగితం ఇలా ఇయ్యి," అని లాక్కోబోతాను, లాక్కునే లోపలే నా చేతిలో స్టీరింగ్ ఉంటుంది, గచ్చు కదిలి రోడ్డవుతుంది, వరాలక్క పక్క సీట్లో ఒళ్లో క్యాలెండరు పరుచుకుని కూర్చుని ఉంటుంది, రెండు వైపులా కాఫీ తోటలు, వాటి మీద నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, మొదళ్లకి చుట్టుకున్న మిరియాల తీగలు, వాటన్నిటి వెనకా మా పెరట్లో బట్టలారేసే తాడు మీద ఆవిడ చీరలు ఇంకా ఆరుతూనే ఉంటాయి.

"హారన్ కొట్టు, మలుపు," అంటుంది.

కొట్టను. మలుపు తిరిగేసరికి ఘాట్ రోడ్డు ఆసుపత్రి వరండా అయిపోతుంది, అదే ఫినాయిలు వాసన, మంచానికీ మంచానికీ మధ్య అవే ఆకుపచ్చ తెరలు, ఒక్కో తెరా గాలికి లేచినప్పుడల్లా దాని వెనక లోయ కనబడుతోంది, నేను కారు ఆపకుండా మంచాల మధ్యలోంచే నడుపుతున్నాను.

"రొమ్ములో ఆ గడ్డ నీ చేతికి ఎప్పుడు తగిలింది?" అని అడుగుతాను.

"ఎండాకాలంలో."

"నాకెప్పుడు తెలిసింది?"

"అరకులో వలిసె పూలు పూసినప్పుడు, కార్తీకంలో."

"నువ్వు చెప్తే తెల్సిందా? నీ జాకెట్టు తడిసిపోతే నేను చూశాను కాబట్టి తెలిసింది! ఎనిమిది నెలలు! పొద్దున్న లేస్తే ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాం, ఒకే గిన్నెలో కలుపుకుని తిన్నాం, నా తలలో పేను కుట్టినా నీకు చెప్పేదాన్ని. ఆ డాక్టరు అందరి ముందూ నన్ను పట్టుకుని, ఇంట్లో ఇంతమంది ఉండి ఏం చేస్తున్నారమ్మా అనడిగితే, ఏం చెప్పను? తల దించుకుని నిలబడ్డాను, నీ వల్ల!"

వరాలక్క కిటికీ అద్దం దించి చెయ్యి బయటపెడుతుంది, మంచు తాకుతోందేమో వేళ్లు ఆడిస్తుంది.

"చెప్తే ఏటి చేద్దువు?"

"ఆ పూటే విశాఖపట్నం తీసుకెళ్లేదాన్ని."

"అదే. విశాఖపట్నం తీసుకుపోదువు. కోతలు, మందులు, మంచం. నన్ను ఈ కొండలకి ఇంకెవరు రానిస్తారు? ఒక్కసారి చూసొచ్చీసి, దిగొస్తున్నప్పుడు కారులో నీకు చెప్పీద్దామనుకున్నాను. ఇదిగో, ఇలాగే పక్కన కూర్చుని. నువ్వే ప్రయాణాన్ని నెల నెలా వెనక్కి జరుపుకుంటూ పోయావు."

జరిపాను. పాప పరీక్షలన్నాను. ఇంటికి రంగులేయిస్తున్నామన్నాను. మా ఆయన చిన్నాన్న కూతురు గృహప్రవేశం అన్నాను, మానేసినా ఎవరూ ఏమీ అనుకోని గృహప్రవేశం. ప్రతిసారీ ఆవిడ నవ్వి, "సర్లే, వచ్చే నెల," అనేది, కట్టిన బ్యాగు విప్పి బట్టలు మళ్లీ బీరువాలో పెట్టుకునేది, నేను చూస్తూ కూడా చూడలేదు.

"అంటే నేనే చంపానంటావు," అని అరుస్తాను. నా గొంతు లోయలో పడి తిరిగొస్తుంది.

"గడ్డ నాది, భయం నాది, దాచింది నేను. దాంట్లో కూడా నీకు వాటా కావాలా?" ఆవిడా అరుస్తుంది, బతికుండగా ఒక్కనాడూ అంత గట్టిగా అరవని మనిషి. "ఇంట్లో పాలు విరిగినా నా వల్లే అంటావు, వాన పడినా నా వల్లే అంటావు. నాకు కోపం లేదనుకున్నావా? సర్లే అన్న ప్రతిసారీ నీ చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేక నవ్వాను. పోనీ నేను పోనాకైనా ఎక్కావా నువ్వు? కారుకి గుడ్డ కప్పీసి, తాళాలు బియ్యం డబ్బాలో పడీసి, ఎవరు తీసుకెళ్తామన్నా అక్క లేదు, నేను రాను అని మూలుగుతావేటి? నేను చచ్చి నీ లైసెన్సు కూడా చంపీసానా?"

"ఎవరితో ఎక్కాలి? చెప్పు, ఎవరితో ఎక్కాలి?"

"ముందు గేరు మార్చు. ఎత్తు ఎక్కుతోంది."

ఎనిమిది నెలలు నోరు విప్పని మనిషి, ఇప్పుడొచ్చి నాకు గేరు మార్చమని చెప్తోంది. మంచాలూ తెరలూ ఏమైపోయాయో, మళ్లీ ఘాట్ రోడ్డే, ఎదర రెండు గజాలు తప్ప కనబడని మంచు, నేను బ్రేకు మీద నిలబడినంత పని చేసి మలుపు మధ్యలో కారు ఆపేస్తాను.

"దిగు," అంటాను.

"తులసీ."

"నాకు చెప్పకుండా పోయినదానివి, నాకు దారి చెప్పకు. దిగు! దిగిపో!"

వరాలక్క బతిమాలదు. క్యాలెండరు మడిచి సీటు మీద పెట్టి, తలుపు తీసుకుని, చెప్పుల్లేని కాళ్లతో రోడ్డు మీదకి దిగుతుంది, పమిట భుజం చుట్టూ కప్పుకుని ఎగువకి నడుస్తుంది. వెనక్కి చూస్తుందని చూస్తాను. చూడదు, కోపం వస్తే ఎప్పుడూ చూసేది కాదు. ముందు ఆవిడ పాదాలు మంచులో కలుస్తాయి, తర్వాత చీర, తర్వాత ఆ నెరిసిన ముడి, నేను మాత్రం ఇంకా దిగిపో, దిగిపో అని అరుస్తూనే ఉన్నాను, దిగిపోయిన మనిషిని, ఆ మాట తప్ప ఇంకో మాట నోటికి రాక, అక్కా ఆగు అనాలని నాలుక కొట్టుకుంటున్నా దిగిపో అనే వస్తోంది.

కళ్లు తెరిచాను. ఆదివారం మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది, నా గొంతు బొంగురుపోయి ఉంది. పక్కన మా ఆయన లేరు. తల తిప్పితే, మంచానికి రెండడుగుల దూరంలో, లుంగీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తలగడ గుండెలకి హత్తుకుని, నిద్రమొహంతో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు.

"అక్కడేం చేస్తున్నారు?" అన్నాను.

"దిగు దిగు అని అరిచావు కదా," అన్నారు. "దిగాను."