రీస్టార్ట్ చెయ్యనివ్వను

ఆ ఆఫీసులో సర్వరుకొచ్చే రోగాలన్నిటికీ ఒకటే మందు, రీస్టార్ట్. ఎందుకు మొరాయించిందని అడిగితే నవ్వేసి మళ్ళీ అదే మందు. కడుపునొప్పి అన్నవాణ్ణి నిద్రపుచ్చి లేపితే నొప్పి పోయినట్టేనా? ఈ నాటు వైద్యమంటే అక్కడ పనిచేసే మొండిఘటానికి ఒళ్ళు మంట. ఆమెకు ఆ పేరు పెట్టింది టీమ్ లీడర్. ఆమె ఏనాడూ కాదనలేదు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి స్కాన్ బొమ్మలు పంపే సర్వర్ మళ్ళీ బిగుసుకుపోయింది. అక్కడి స్కాన్ గదిలో పనిచేసేది ఆమె పిన్ని, తల్లి పోయాక ఆమెను పెంచిన మనిషి. బొమ్మలు ఆగినప్పుడల్లా తప్పు మీట నొక్కావంటూ పెద్ద డాక్టరు ఆవిడ మీదే విరుచుకుపడేవాడు. మరొక్కసారి ఆగితే ఇంటికి పంపిస్తానన్నాడు. ఇప్పుడు ఆగింది.

"రీస్టార్ట్ కొట్టమ్మా. స్కాన్ ఆపరేటర్ తప్పని రాసి సాయంత్రానికి పంపేద్దాం," అన్నాడు టీమ్ లీడర్.

"ఆసుపత్రిని స్పేర్ సర్వర్ మీదికి మార్చాను సార్, వాళ్ళ పని ఆగదు. దీన్ని మాత్రం ముట్టుకోనివ్వను. శవాన్ని తగలేసి పోస్టుమార్టం చేద్దామంటే ఎలా?"

"నీ ఉద్యోగానికే ఎసరొస్తుంది."

"రానివ్వండి."

ఆ వారం సర్వర్ల కాపలా ఆమెదే, పాస్‌వర్డూ ఆమె దగ్గరే. కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ మొండితనం ఎవరు నేర్పారమ్మా నీకు?" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

చూడగా సర్వర్ చావలేదు, ఎదురుచూస్తోంది. అవతల ఆసుపత్రిలోని ప్రోగ్రామూ ఎదురుచూస్తోంది. రెండింటి మధ్య రాకపోకలు నడిపేది ఒక నెట్‌వర్క్ లైబ్రరీ, ఎవరో రాసిపెడితే అందరూ వాడుకునే కోడ్. దాని పద్ధతి నీళ్ళ క్యాన్లది, బొమ్మ ముక్కలే నీళ్ళు. ఆసుపత్రి ఖాళీ క్యాను తిరిగిస్తేనే సర్వర్ నుంచి నిండు క్యాను వస్తుంది. ఇప్పుడు సర్వర్ చేతిలో ఒక్క ఖాళీ క్యానూ లేదు. మరి ఏమైపోయినట్టు?

ఆమె పిన్నికి ఫోన్ చేసింది. "ఆగే ముందు ఏం జరిగింది పిన్నీ?"

"నేనేం నొక్కలేదు తల్లీ. పెద్ద డాక్టరు బొమ్మ తెరుస్తాడు, సగం రాకముందే మూసి ఇంకోటి తెరుస్తాడు. పొద్దుణ్ణుంచీ అదే వరస."

దొంగ దొరికాడు. ఆమె లైబ్రరీ కోడ్ తెరిచింది. బొమ్మను మధ్యలో మూసేస్తే, అప్పటికే వచ్చిన నీళ్ళు పారబోసి, ఖాళీ క్యాన్లు వెనక్కివ్వడం మరిచిపోతోంది. మూసిన ప్రతిసారీ కొన్ని గల్లంతు. చివరికి ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ నువ్వు ముందంటే నువ్వు ముందని కూర్చుంటారు. టీమ్ లీడర్‌ను పిలిచి, ఆయన కళ్ళముందే బొమ్మలు తెరుస్తూ మూస్తూ పోయింది. కాసేపటికి ఆమె కంప్యూటరూ బిగుసుకుంది.

ఆయన ముఖం విప్పారింది. "అయితే తప్పు డాక్టరుదే. మధ్యలో మూయొద్దని రాద్దాం."

"మూసుకోవడం ఆయనిష్టం సార్. ఖాళీలు తిరిగివ్వాల్సింది మనం పెట్టిన కోడ్. తప్పు మనదే."

"మనదని రాస్తే పరువేం కావాలి?"

"మా పిన్ని పరువు తీసేటప్పుడు ఈ అనుమానం రాలేదే?"

ఆమె కోడ్ సరిదిద్ది, అదే టెస్టు మళ్ళీ పెట్టింది, ఈసారి ఎంతకీ ఆగలేదు. ఆసుపత్రికి స్వయంగా రాసింది. తప్పు మాది, మీ స్కాన్ గది ఉద్యోగిని తప్పేమీ లేదు. ఆయన చూస్తుండగానే పంపేసింది.

సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. ఆమె స్పీకర్ పెట్టింది.

"ఉద్యోగం ఉందట తల్లీ. జరిగిందేదో జరిగింది, వెళ్ళి పని చూసుకో అన్నాడు పెద్ద డాక్టరు."

"చూసుకుంటున్నావా?"

"అందరి ముందూ తిట్టినవాడు అందరి ముందూ పొరపాటైందని చెప్పాలన్నాను. స్కాన్లు ఇంకో అమ్మాయి తీస్తోంది, రోగులకి లోటు లేదు. నేను ఆయన గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నా. చెప్పేదాకా లేవను."

టీమ్ లీడర్ ఫోన్ వంకా, మొండిఘటం వంకా మార్చి మార్చి చూశాడు. తన ప్రశ్నకు జవాబు దొరికింది.

"పక్కన ఇంకో కుర్చీ వేయించు పిన్నీ, వస్తున్నా," అంటూ ఆమె బ్యాగు భుజాన వేసుకుంది.