వేలువేలుకీ విడిగా గుడ్డ

గాజుపెట్టె మీద పిల్లలు వదిలిన వేలిముద్రలను మంగతాయారు తడిగుడ్డతో తుడుస్తోంది. లోపల ఈజిప్టు మమ్మీ ముదురు గోధుమరంగుకు తిరిగిన నారగుడ్డల చుట్టలో వెల్లకిలా పడుకుని ఉంది. సిడ్నీ మ్యూజియంలో ఈ గదికి కాపలా ఉండటమే ఆమె ఉద్యోగం. తెనాలి నుంచి తెచ్చుకున్న నల్లటి జడ ఇక్కడే తెల్లబడింది, నిలబడి నిలబడి మోకాళ్ళు వాచాయి.

బడిపిల్లల గుంపులోంచి భానుశ్రీ అనే తెలుగు పాప వచ్చి గాజుకు ముక్కు ఆనించింది.

"డిడ్ ఇట్ హర్ట్, ఆంటీ?"

"లేదమ్మా. ప్రాణం పోయాకే ఇదంతా. ఒళ్ళు కడిగి, పేగులవీ తీసేసి, గుండెని మాత్రం ఉంచేసేవాళ్ళు. ఉప్పులో ఎండబెట్టి, నూనెలు రాసి, వేలువేలుకీ విడిగా గుడ్డ చుట్టేవాళ్ళు."

"వై ఈచ్ ఫింగర్?"

"పోయినా మనిషే కదమ్మా" అని మంగతాయారు ముఖం తిప్పుకుంది.

కరోనా ఏడాది భర్త సత్యనారాయణ ఆసుపత్రిలో పోయాడు. ఆమెను వరండాలోనే ఆపేశారు. తెల్లటి సూట్లలో ఇద్దరు వచ్చి సంచి జిప్పు లాగేశారు. ముఖం తుడవనివ్వలేదు, కొత్త పంచె కప్పనివ్వలేదు. ఆ జిప్పు చప్పుడు ఇప్పటికీ ఆమె చెవుల్లోంచి పోలేదు.

మధ్యాహ్నం మేనేజరు రేచెల్ నలుగురు మనుషులతో వచ్చింది.

"చనిపోయినవాళ్ళను ఇలా నలుగురికీ చూపించడం అగౌరవం, మంగా. ఇవాళే లోపలి స్టోరుకు తీసుకెళ్తున్నాం" అని ఇంగ్లీషులో మెత్తగా చెప్పింది. గది మూసేస్తారని, ఇక ఆమెకు షిఫ్టులు ఉండవని కూడా అంతే మెత్తగా చెప్పింది.

నలుగురూ చేతులకు తొడుగులు వేసుకున్నారు. మమ్మీని పల్చటి తెల్లకాగితంలో చుట్టారు. ఒకరు తల పట్టుకుంటే, ఒకరు పాదాలు పట్టుకున్నారు. "నెమ్మది, నెమ్మది" అని ఒకరికొకరు చెప్పుకుంటూ పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి చక్రాల బండి మీద పెట్టారు.

మంగతాయారు తెలుగులో గొణుక్కుంది.

"ఎప్పుడో వేల ఏళ్ళనాడు పోయినదానికి ఇన్ని చేతులు. మా ఆయనకి నా ఒక్క చెయ్యి ఆననిచ్చారు కాదు."

"సారీ?" అంది రేచెల్.

"నథింగ్."

బండి చక్రాలు కిర్రుమంటూ వరండా మలుపు తిరిగాయి. మంగతాయారు మెడలోని గుర్తింపు కార్డు తీసి రేచెల్ చేతిలో పెట్టి, వెనక తలుపు గుండా వెళ్ళిపోయింది. ఎవరూ సాగనంపలేదు.

ఖాళీ పెట్టెలో బూడిదరంగు మెత్త ఒకటి మిగిలింది. తల ఆనినచోట పడిన గుంట ఇంకా పైకి లేవలేదు.