నేనడిగినా లాగొద్దు

ఆ ఏడు, అంటే ఎనభై అయిదులో, ఊరి బోరింగు చెయ్యి ఉగాదికి ముందే విరిగింది. నూజివీడు ఆఫీసుకు మూడు అర్జీలు పోయాయి గానీ మెకానిక్కు రాలేదు. ఎండలు ముదిరేసరికి ఆడవాళ్ళు బిందెలెత్తుకుని తోటల్లో మోటార్ల దగ్గర, కరెంటు ఎప్పుడొస్తుందా అని పడిగాపులు కాస్తున్నారు. అప్పుడు బసవపున్నారావు పంచాయతీ అరుగు మీద లేచి నిలబడి, పాత రాతికట్టు బావి పూడిక తీద్దామన్నాడు. కూలి లేదు, కాంట్రాక్టరు లేడు, మన చేతులే అన్నాడు. నీళ్ళు పడ్డాక ఊళ్ళోవాళ్ళూ దిగువపేట వాళ్ళూ ఒకే గిలక మీద చేదుకుంటారని కూడా అన్నాడు. ఆ మాటకి అరుగు మీదున్న పెద్దలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు గానీ, దాహం వాళ్ళ ఇళ్ళలోనూ ఉంది కాబట్టి ఊరుకున్నారు.

మొదటిరోజు నలభై మంది వచ్చారు. రెండోరోజు పాతికమంది. మూడోరోజు పదకొండు మంది. మామిడికాయ కోతకొచ్చిన రోజులు మరి. ముసునూరు రోడ్డు మీద లారీ హారను వినపడితే చాలు, పార పట్టినవాడి చెయ్యి పార మీద నిలిచేది కాదు.

నాలుగోరోజు పొద్దున్నే బసవపున్నారావు పంచె ఎగ్గట్టి, మోకుకి కట్టిన పీట మీద కూర్చున్నాడు. ఆయనకి యాభై దాటాయి. దిగబోయే ముందు గట్టు మీది వాళ్ళనందరినీ దగ్గరికి పిలిచాడు.

"ఊట పడేదాకా నేను పైకి రాను. తిండి కిందకే పంపండి. ఒంట్లో బాగాలేదంటాను, చీకటంటాను, ఏదో ఒకటంటాను. నేనడిగినా లాగొద్దు."

ఆ మాట అరగంటలో ఊరంతా పాకింది. పొద్దెక్కేసరికి బావి గట్టు మీద ముప్పై మంది పోగయ్యారు. మనిషిని కదిలించే మాట ఎక్కడ వెయ్యాలో ఆయనకి తెలుసు. ఆ సంగతి ఆయనకి తెలుసని ఆయన భార్య సీతారావమ్మకీ తెలుసు.

"మన ముప్పై చెట్ల రసాలు రేపు కొయ్యాలి. మీరు బావిలో కూర్చుంటే కాయ కోసే చిక్కం గెడ ఎవరు పడతారు?" అందామె, మోకు కదిలేముందు.

"రేపటికి నీళ్ళు పడతాయిలే."

"పడకపోతే?"

జనం వింటున్నారు. ఆయన నవ్వి, మోకు వదలమని చెయ్యూపాడు.

అంతకుముందే ఇంకో సంగతి జరిగింది. మోకు పట్టే నలుగురిలో సువర్ణరాజు ఒకడు. దిగువపేట కుర్రాడు, కొత్తగా పెళ్ళయినవాడు, నాలుగు రోజులూ మానకుండా వచ్చినవాడు. అతను దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని, "బాబుగారండీ, మా ఇంటెనక నాలుగు చెట్లున్నయ్యండీ. మధ్యాన్నం దాకా సెలవిస్తే కోసేసుకొస్తాను," అన్నాడు.

బసవపున్నారావు అందరికీ వినపడేలా, "నాలుగు చెట్ల కోసం ఊళ్ళో ఇన్ని గొంతులు ఎండబెడతావుట్రా?" అన్నాడు.

అందరూ నవ్వారు. సువర్ణరాజు తల దించుకుని వెళ్ళి మోకు పట్టుకున్నాడు. ఆ తరవాత సెలవడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఎనిమిది నిలువుల లోతు. అడుగున ఇద్దరు పక్కపక్కన నిలబడితే మోచేతులు తగులుతాయి. పైన ఆకాశం తిరగలి రాయంత ఉంది. ఆయన బురద తవ్వి బొక్కెనకెత్తడం, పైవాళ్ళు లాగి పారబొయ్యడం. మధ్యాన్నం క్యారేజీ అదే బొక్కెనలో దిగింది. అన్నంలో మట్టి వాసన. గోడకి ఒక పక్క రాళ్ళ సందుల్లోంచి చెమ్మ కారుతోంది. కాళ్ళ కింద ఒక రాతి పలక తగిలింది. ఊట దాని కిందే ఉందని ఆయనకి అర్థమయింది. ఇవాళ ఆ పలక లేవకపోతే, రేపు ఊరంతా కోతల్లోకి పోతుంది. మళ్ళీ ఈ జనాన్ని పోగెయ్యడం తన వల్ల కాదు.

మూడు గంటలప్పుడు పావురాలు దిగాయి.

గోడ సందుల్లో వాటి గూళ్ళున్నాయి. పొద్దున్నే పైకి పోయినవి పొద్దుగూకితే గాని తిరిగిరావు. ఇవాళ ముందు రెండొచ్చాయి, తరవాత అయిదారు. ఆ తరవాత గుంపుగా దిగి, గూళ్ళలోకి దూరి, మొహాలు గోడవైపు తిప్పుకుని కూర్చున్నాయి. బసవపున్నారావు గునపం ఆపి వాటినే చూశాడు. తల మీది వెలుతురు కాస్త పచ్చబడినట్టనిపించింది.

ఈదురుగాలి వస్తోంది. పైవాళ్ళకి తెలియదు. వాళ్ళు పాట కట్టి బొక్కెన లాగుతున్నారు.

చెబితే గట్టు ఖాళీ అవుతుంది, బావి ఇంతే. చెప్పకపోతే ఊరి కాయంతా నేల మీదుంటుంది. అందులో తన ముప్పై చెట్లూ ఉంటాయి. ఆ సంగతి ముందు మనసులోకొచ్చినందుకు ఆయనకే సిగ్గేసింది.

"ఒరే, నన్నొకసారి పైకి లాగండ్రా," అన్నాడు.

గట్టు మీంచి తల ఒకటి తొంగి చూసింది. అన్న వరసాయన కొడుకు వెంకటేశ్వర్లు.

"ఎందుకు బాబాయ్?"

"కాలు పట్టేసింది." గాలి మాట ఎత్తడానికి ఇంకా మనసొప్పలేదు.

పైన ఒకటే నవ్వు. "పొద్దున్నే చెప్పాడ్రా, ఒంట్లో బాగాలేదంటానని! బాబాయ్, చుట్ట పంపిస్తా, కాల్చుకో. లాగేది మాత్రం లేదు."

"వెధవ నవ్వులాపి వినరా. గాలొస్తోంది."

"బావిలోకి గాలెక్కడిది? ఇక్కడే ఆకు కదలట్లేదు!"

ఆకు కదలకపోవడమే ఆయన భయం. ఇంకా ఏదో అరిచాడు. వాళ్ళు ఇంకా నవ్వారు. తను ఎంత బతిమాలితే తన పొద్దుటి మాట అంత గట్టిపడుతోంది. గోడ పట్టుకుని రెండు రాళ్ళు ఎగబాకబోయాడు. చెమ్మకి కాలు జారి బురదలో కూలబడ్డాడు.

కూర్చున్నచోటు నుంచే పిలిచాడు. "సువర్ణరాజూ!"

"అండీ."

"పొద్దున నిన్నన్న మాట తప్పురా. నలుగురిలో అనకూడని మాట."

పైన నవ్వు ఆగింది. కాసేపటికి సువర్ణరాజు మొహం కనపడింది. "ఏం జరిగిందండీ?"

"పావురాలు గూట్లోకొచ్చేశాయి."

"ఎన్నండీ?"

"అన్నీ."

సువర్ణరాజు తలెత్తి పడమటి దిక్కు చూశాడు. అతను పొద్దుటి నుంచీ అటు చూస్తూనే ఉన్నాడు, నోరెత్తలేదంతే. "బాబుగారు చెప్పింది నిజమేనండోయ్! తాడిచెట్ల వెనక నల్లగా లేస్తోంది!"

"పొండి! చిక్కాలు పట్టుకుని పొండి! నేను కూడా..." అంటున్నాడు బసవపున్నారావు.

ఆ చివరి మాట ఎవరూ వినలేదు. అడుగుల చప్పుడు గట్టు మీద దడదడలాడి, దూరమై, ఆగిపోయింది. మోకు మాత్రం గిలక నుంచి వేలాడుతూ, చేతికి కొంచెంలో అందనంత ఎత్తులో, మెల్లగా తిరుగుతోంది. నలుగురిలో ప్రతివాడూ మిగతా ముగ్గురున్నారనుకున్నాడు. ఉండమని అడగడానికి ఈయన పొద్దున్నే దారి మూసేశాడు.

గాలి ఆయనకి తగల్లేదు. చప్పుడొక్కటే దిగింది. ఎక్కడో చెట్టుకొమ్మ విరిగిన చప్పుడు, రేకుల చప్పుడు, ఆ వెనక ఊరంతా ఒకేసారి అరిచినట్టు హోరు. ఎండుటాకులు, దుమ్ము, ఒక పిందె వచ్చి భుజం మీద పడ్డాయి. ముప్పై చెట్ల కింద సీతారావమ్మ ఒక్కతే చిక్కం పట్టుకుని ఎటు పరిగెత్తుతుందో కళ్ళకి కట్టింది. ఈ నాలుగు రోజుల్లో ఎవరినీ, ఇంటిదగ్గర ఏం వదిలి వచ్చావని తను అడగలేదు.

కోపం ఎవరి మీదో తెలియక గునపం ఎత్తి పలక మీద పొడిచాడు. ఊరు కోసం కాదు, నీళ్ళ కోసం కాదు. పొడవాలనిపించి పొడిచాడు. పొడిచినచోటే పొడిచాడు. పలక అంచు పగిలింది. సందులోంచి చల్లగా ఏదో పాదాన్ని తాకింది.

ఊట.

నాలుగు రోజులు ఎదురుచూసింది కళ్ళముందుంటే అరవబోయి, ఎవరు వింటారని అరవాలి అనుకున్నాడు. నీళ్ళు చీలమండ దాటాయి. పైన వాన మొదలయింది. మోకాలు దాటేసరికి ఆయన మోకు వంక చూసి గెంతాడు. వేళ్ళకి జానెడు దూరం. ఇంకా గెంతాడు. తరవాత గెంతడం మానేసి, గోడకి వీపు ఆనించి, గునపం రాళ్ళ సందులో గుచ్చి పట్టుకుని నిలబడ్డాడు. ఈత రాదన్న సంగతి దిగేటప్పుడు ఎవరితోనూ అనలేదు.

నడుముదాకా వచ్చి నీళ్ళు నిలిచాయి. వాన కూడా వెలిసింది.

"ఏవండీ! ఉన్నారా?" సీతారావమ్మ గొంతు.

"ఎక్కడికి పోతాను?"

"బానే ఉన్నారు."

"మన కాయ?"

"కింది కొమ్మలు అందినంతమేర కోశా. మిగతాది నేలరాలి పచ్చడి కాయే." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అలిసిపోయి ఉంది. "అందరికీ అంతే లెండి. మీరు ముందు చెప్పబట్టి సగం దక్కిందంటున్నారు."

ఒక్కొక్కళ్ళే చేరారు. వెంకటేశ్వర్లు తల పైన కనపడింది, జుట్టులోంచి నీళ్ళు కారుతూ.

"ఊట పడిందా బాబాయ్?"

"పడింది. లాగండ్రా."

"నిజంగానా, పైకి రావాలనా?"

"ఒరేయ్!"

"తిట్టకు బాబాయ్. నీ మాట మీదే నిలబడ్డాం. నీళ్ళు చూపించు, లాగుతాం."

ముందు బొక్కెన దిగింది. బసవపున్నారావు పళ్ళు కొరుకుతూ దాన్ని ముంచాడు. ఎర్రటి నీళ్ళతో అది ఆయన కళ్ళముందు నుంచి ఊగుకుంటూ పైకి పోయింది. పైన కేకలు. ఆ కేకల్లో ఒక చిన్న చప్పుడు, ఎవరో దోసిట పట్టి తాగిన చప్పుడు.

"తియ్యగా ఉన్నయ్యండీ," అన్నాడు సువర్ణరాజు.

గట్టు మీద పెద్దలు కూడా ఉన్నారు. వాళ్ళు సువర్ణరాజు తడి దోసిలి వంక చూశారు. తరవాత ఎవరిదో ముసలి గొంతు, "ఏదీ, ఇటు పట్టు," అంది.

"సువర్ణరాజూ, నీ చెట్లు?" అని కిందనుంచి అడిగాడు బసవపున్నారావు.

"రెండు దక్కినయ్యండీ."

పీట దిగింది. కూర్చున్నాడు. కాళ్ళు నీళ్ళలోంచి లేచాయి. మోకు సగం దాకా లేచి ఆగింది.

"బడి గోడ కూడా పడిపోయిందిట గాలికి," అంటున్నాడు వెంకటేశ్వర్లు పైన. "వచ్చే ఆదివారం మొదలెడదాం. బాబాయ్ ఉండగా మనకేంటి!"

"అంతేగా మరి!" అన్నారు నలుగురైదుగురు.

బసవపున్నారావు గాల్లో మెల్లగా తిరుగుతున్నాడు. ఎదురుగా గూట్లో ఒక పావురం తల తిప్పి ఆయన్నే చూస్తోంది. ఆయన ఏదో అంటాడని, ఎప్పటిలా మనసు కదిలే మాట ఏదో అంటాడని అందరూ చెవులు రిక్కించారు.

"ముందు నన్ను లాగండ్రా," అన్నాడు ఆయన.