కునుకుతీగకు బొట్టు

వదిన మంగతాయారు కొడుకు అన్నప్రాసనకు పేరంటం పిలవడానికి ఎదురింటి అమ్మన్నగారు కుంకుమ భరిణ పట్టుకుని అరుగు దిగేసరికి, రామతులసి తనంతట తానే పెరటి గదిలోకి వెళ్లిపోయింది. ఎవరూ పొమ్మనలేదు, పొమ్మనలేక పొగబెట్టనూ లేదు. శుభానికి బయలుదేరేవాళ్లకు ఎదురుపడకూడదన్న సంగతి ఆమె కాళ్లకే అలవాటైపోయింది. ముప్పై దాటిన మనిషి, మద్రాసులో వృక్షశాస్త్రం చదివి పెద్ద పట్టా పుచ్చుకున్న మనిషి, ఆ భరిణ వీధి మలుపు తిరిగేదాకా తలుపు చాటున నిలబడింది. చూసేవాళ్లకు ఇల్లంతా మామూలుగానే ఉంది. మన అన్యాయాలు చాలావరకు ఇలాంటి మామూలులోనే హాయిగా కాపురం చేస్తుంటాయి.

చదువరులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పసిపిల్లల పెళ్లిళ్లు చేయరాదని ఇంగ్లీషువారి ఏలుబడిలో చట్టం వచ్చిన కొత్తలో, ఫ్రెంచివారి యానానికి ఆ చట్టం లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బళ్లు కట్టుకుని పిల్లల్ని ఇక్కడికి తెచ్చి, మూడు ముళ్లూ వేయించి పట్టుకుపోయేవారు. ఊరికి కల్యాణపురమని పేరు కూడా వచ్చింది. రామతులసికి ఆరో ఏట ఆ కల్యాణమే జరిగింది. అందులో ఆమెకు గుర్తున్నది ఎవరిదో భుజం, గంధం వాసన, నిద్రలో ఎక్కడో దూరంగా వినిపించిన సన్నాయి. అంతే. తన పెళ్లిలో తాను నిద్రపోయింది. ఊహ తెలిసేసరికి ఆ పెళ్లికొడుకు విషజ్వరంతో పోయాడు.

బండి కట్టించిన తండ్రే తరవాత కుమిలిపోయాడు. లోకం నోరు మూయించలేక తన చెవులు మూసుకుని, కూతుర్ని బడికి, ఆపైన మద్రాసుకు పంపాడు. అక్కడ ఆమెకు మొక్కలతో స్నేహం కుదిరింది. మొక్కలకు ఎదురుపడితే అపశకునం లేదు. ఏ నొప్పికి ఏ ఆకు నూరుతారో, ఏ జ్వరానికి ఏ వేరు అరగదీస్తారో ముసలమ్మలను అడిగి తెలుసుకుంటూ మన్యం కొండలు తిరిగింది, ఉప్పుటేళ్ల పక్కన తిరిగింది. కోసిన కొమ్మను పాత పత్రికల మధ్య అదిమి ఎండబెట్టి, దాని గుణం రాసింది. ఆమె రాతలు చదివి ఎక్కడెక్కడివాళ్లో ఉత్తరాలు రాసేవారు. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయిన రెండో ఏడు, అన్నయ్య భాస్కరరావుకు యానాంలో ఉద్యోగం కుదిరితే, గోదావరి లంకల్లో మొక్కలు చూద్దామని తనూ వచ్చింది.

వచ్చాక ఆమెకు దొరికిన నిధి ఆగ్నెసమ్మ. చర్చి వెనక సందులో ఉండే ఆ ముసలమ్మ నిద్రపట్టనివాళ్లకు మందు ఇచ్చేది. ఆమె భర్త ఆంథోనీ ఫ్రెంచివారి కొలువులో సైగోను వెళ్లినవాడు మళ్లీ రాలేదు. నేడో రేపో వస్తాడన్నట్టు ఆమె నుదుట కాసంత బొట్టు మాత్రం తప్పకుండా ఉండేది. మందు తీగ ఏటి నడుమ లంకలో రెల్లు మధ్య పాకుతుంది. దాని పేరు కునుకుతీగ. పొద్దుగుంకితే ఆకులు ముడుచుకుని అదీ నిద్రపోతుంది.

"నేరుగా వెళ్లి కోసుకురాకూడదా?" అని రామతులసి మొదట్లో అడిగింది.

ఆగ్నెసమ్మ నవ్వింది. "పిలవకుండా ఎవరింటికన్నా ఎవరన్నా వత్తారా తల్లీ? మొక్కయినా అంతే. ముందురోజు సందేళ ఎల్లి, తీగ మొదలుకి పసుపు రాసి, బొట్టెట్టి, రేపొత్తాను రావాలని సెప్పాలి. పొద్దున్నే ఎల్లి మూరెడు కోసుకోవాలి. తీగ ఏరు ముట్టుకోకూడదు. పిలవకుండా పీక్కొత్తే అది దొంగతనం."

రామతులసికి ఆ మాట కలలో విన్నంత బాగుంది. చదువుకున్న బుర్రతో ఆలోచిస్తే ఇంకా బాగుంది. పిలిచిన తీగనే, అదీ మూరెడే కోస్తారు కాబట్టి లంకలో తీగ ఇన్నాళ్లూ తరిగిపోలేదు. కానీ ఆ పిలుపు ముత్తైదువ నోటినుంచే రావాలన్నది ఊరి కట్టడి. అది తెలిసినరోజు ఆమె, తలుపు చాటుకు వెళ్లినట్టే ఆ మాట చాటుకూ వెళ్లిపోయింది.

ఇంతలో మంగతాయారుకు నిద్ర కరువైంది. ఎన్నో ఏళ్లకు కలిగిన బిడ్డ. పురుడైంది మొదలు కంటిమీద కునుకు లేదు. పగలు బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఎవరి బిడ్డో అన్నట్టు చూసేది. పాలు తగ్గాయి. ఒకనాడు నూతి దగ్గర నిలబడి, "లోపల చల్లగా ఉంటుందేమో కదూ తులసీ?" అంది. రామతులసి వదిన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. డాక్టరుగారి మందులు అయ్యాయి, కాకినాడ వెళ్లడమూ అయింది. అన్నప్రాసన ముహూర్తాన్ని వాయిదా వేశారు. ఇక మిగిలింది కునుకుతీగ. తీరా చూస్తే ఆగ్నెసమ్మకు కాళ్లు పడిపోయి మంచం దిగలేకుండా ఉంది.

"నేను వెళ్తానుగా," అంది అమ్మన్నగారు. మంచి మనిషి. ఇరుగుపొరుగుకు ఆపదంటే ముందుండే మనిషి.

"మీకు తీగ గుర్తు తెలియదు కదండీ. నేనూ వస్తాను, చూపిస్తాను," అంది రామతులసి.

"నువ్వు పక్కనుంటే పిలుపు చెల్లదమ్మా. ఏమనుకోకు."

ఏమనుకోకు అన్న మాటను మనవాళ్లు ఎంత మెత్తగా అంటారో, అది అంత లోతుగా దిగుతుంది. రామతులసి ఏమీ అనుకోనట్టే తల ఊపి, ఆకు ఆకారం చెప్పింది, కాడ రంగు చెప్పింది. పొద్దుగుంకేదాకా ఆగి, ముడుచుకున్న తీగకే బొట్టు పెట్టమని ఒకటికి రెండుసార్లు చెప్పింది. గుర్తు తెలిసిన మనిషికి బొట్టు పెట్టే అర్హత లేదట. అర్హత ఉన్న మనిషికి గుర్తు తెలియదు. ఇంత చిక్కుముడి మనం గాక ఇంకెవరు వేసుకుంటారు?

అమ్మన్నగారికి ఏరంటే భయం. చీకటి పడకముందే ఇల్లు చేరాలని ఎండ ఉండగానే బొట్టు పెట్టి వచ్చేసింది. మర్నాడు పొద్దున తెచ్చిన తీగను రామతులసి చేతిలోకి తీసుకుని తుంచి చూసింది. తెల్లటి పాలు బొట్లుబొట్లుగా కారాయి.

"ఇది కాదండీ. చూడ్డానికి అలాగే ఉంటుంది గాని పొద్దుగుంకినా ఆకులు ముడుచుకోదు, ఇది విషం."

అమ్మన్నగారి మొహం మాడిపోయింది. "బొట్టు పెట్టి పిలిచాను. పిలిచిందే వచ్చింది. కాదంటావేమిటి?"

"పాలు కారేది వదినకు పట్టనివ్వను," అని రామతులసి ఆ తీగను తీసుకెళ్లి పెరట్లో పాతిపెట్టింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా వినడం భాస్కరరావుకు అదే మొదలు.

మధ్యాహ్నం ఆగ్నెసమ్మ మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. ముసలమ్మ కిటికీలోంచి చర్చి గోడకేసి చూసింది.

"ఆంథోనీ ఇంక రాడు తల్లీ," అంది. "సైగోనులోనే పోయాడు. కూడా పనిచేసినోడు తిరిగొచ్చి, ఆ చర్చి మెట్లమీదే సెప్పాడు. ఇరవయ్యేళ్లు దాటిపోయింది. పాదరీగారికి తప్ప ఎవ్వరికీ సెప్పలేదు."

"ఎందుకు దాచావు ఆగ్నెసమ్మా?"

"సెబితే ఈ బొట్టు తీయించేత్తారు. బొట్టు లేనిదాని సేతి మందు ఎవరు తాగుతారు? నిదర్లేనోళ్లు గుమ్మంలో నిలబడుంటే నా ఏడుపు నేను మింగాను. ఇన్నేళ్లూ నేను పిలుత్తానే ఉన్నాను, అది వత్తానే ఉంది. ఒక్కనాడన్నా 'నీ మొగుడేడే?' అని అడిగింది కాదు."

రామతులసికి కళ్లనీళ్లు ఆగలేదు. ముసలమ్మ మీద జాలితో కాదు, తన మీద తనకు కలిగిన సిగ్గుతో. ఇన్ని వేల మొక్కలు చూసిన కళ్లు ఈ ఒక్క సంగతి చూడలేకపోయాయి. తలుపు చాటుకు వెళ్లమని లోకం ఒకసారి చెప్పింది, మిగిలిన అన్నిసార్లూ తన కాళ్లే చెప్పుకున్నాయి. ఆగ్నెసమ్మ దిండు కింద నుంచి చిన్న పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది. అందులో కుంకుమ ఉంది.

సాయంత్రం పడవ బుల్లబ్బాయి ఆమెను లంకకు తీసుకెళ్లాడు. ఏరు కదులుతున్నట్టే లేదు. నీళ్లమీద పలచగా పొగమంచు అలముకుని, యానాం ఒడ్డు, కొబ్బరిచెట్లు, చర్చి గోపురం ఒక్కొక్కటే మసకలోకి జారిపోయాయి. తెడ్డు చప్పుడు కూడా నిద్రలో విన్నట్టుంది.

"ఆయ్, దిగండమ్మగారూ. నేనిక్కడే ఉంటాను," అన్నాడు బుల్లబ్బాయి.

రెల్లు తప్పించుకుంటూ వెళ్లి ఆమె తీగ పక్కన కూర్చుంది. పొద్దు వాలేకొద్దీ ఆకులు ఒకదానిమీదికి ఒకటి వాలి, చిన్నపిల్ల అరచేతులు మూసుకున్నట్టు ముడుచుకున్నాయి. అలా ఎందుకు ముడుచుకుంటాయో ఆమె చదివింది, తరగతుల్లో పాఠమూ చెప్పింది. అయినా ఆ వేళ అదంతా గుర్తు రాలేదు. పసుపు రాసింది. కుంకుమలో వేలు ముంచింది. చిన్ననాడు ఆ వేలికి వదిలిన రంగు మళ్లీ అంటుకోవడం అదే మొదలు. బొట్టు పెడుతుంటే, ఎప్పటిదో ఆ సన్నాయి ఏటి అవతలి నుంచి వినిపించినట్టయింది. ఈసారి ఆమె నిద్రలో లేదు.

"మా వదినకు నిద్ర లేదు," అని మెల్లగా చెప్పింది. "రేపు పొద్దున వస్తాను. నువ్వు రావాలి."

మర్నాడు మంచులో వెళ్లి మూరెడు తీగ కోసి, తుంచి చూసింది. పాలు లేవు. ఆగ్నెసమ్మ కుంపటి దగ్గరికి జరిపించుకుని, పక్కమీద కూర్చునే కషాయం కాచి ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, తననూ తీసుకెళ్లమంది. భాస్కరరావు జట్కా కట్టించి, ఆమెను చేతులమీద దించి అరుగుమీద కూర్చోబెట్టాడు.

గిన్నె మంగతాయారు పెదాల దాకా వచ్చాక అమ్మన్నగారు అడగనే అడిగింది. "పిలిచిందెవరు?"

అబద్ధం చెప్పడానికి బోలెడంత వీలుంది. రామతులసి వదిన కళ్లలోకి చూసింది. "నేనే," అంది. "నేనే పిలిచాను వదినా. తాగడం, మానడం నీ ఇష్టం."

"అపచారం!" అంది అమ్మన్నగారు. "పసిబిడ్డ తల్లికి ఆ మందా?"

అప్పుడు అరుగుమీద నుంచి ఆగ్నెసమ్మ గొంతు లేచింది. "అమ్మన్నమ్మగారూ, మీ పెద్దమ్మాయికి నిదర్లేకపోతే మందెవరిచ్చారండి?"

"నువ్వే. అయితే?"

"అప్పటికే నేను ఇదవనండి. ఆంథోనీ పోయి అప్పటికి ఎన్నాళ్లో. ఈ ఊళ్లో నా సేతి మందుతో పడుకున్నోళ్లంతా ఇదవ పిలిచిన తీగతోనే పడుకున్నారు. మీ అమ్మాయి సుకంగా లేదూ? ఇయ్యాల నా బొట్టు తీయించేత్తే తీయించెయ్యండి, నాకేటి. పిలుపుకి మనసు కావాలి గానండి, మంగళసూత్రం కాదండి."

మంగతాయారు లోతుకు పోయిన కళ్లతో ఆడపడుచును చూసింది. గిన్నె అందుకుని, అడుగుదాకా తాగింది. కాసేపటికి చాపమీద ఒరిగిన మనిషి పొద్దు వాలేదాకా లేవలేదు. లేచి, "బాబేడీ?" అని తనంతట తానే అడిగింది. ఆ మాట విని భాస్కరరావు స్తంభానికి మొహం ఆనించి ఏడ్చాడు.

కొన్నాళ్లకు మళ్లీ ముహూర్తం పెట్టారు. మంగతాయారు కొత్త చీర కట్టుకుని, భరిణ చేతపట్టుకుని బయలుదేరింది. అలికిడి విని రామతులసి అలవాటుగా పెరటి గదిలోకి వెళ్లి, తన పత్రికల మధ్య మొక్కలు సర్దుకుంటూ కూర్చుంది. ఆమె పరిశోధనలో కునుకుతీగ గురించిన వ్యాసం అప్పటికే పూర్తయింది. తీగ గుణంతో పాటు దాన్ని పిలిచే తీరూ, పిలిచిన ఆగ్నెసమ్మ పేరూ అందులో రాసింది. తలుపు తోసుకుని వదిన ఎదురుగా వచ్చి నిలబడితే ఉలిక్కిపడి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"అదేమిటి, వెనక్కి పోతావు?" అంది మంగతాయారు. "నువ్వు పిలిస్తే తీగ వచ్చిందే. నేను పిలిస్తే నువ్వు రావా?"

నుదుట చల్లగా బొట్టు తగిలింది. రామతులసి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి భరిణ తన చేతిలో ఉంది. "పద. వీధంతా ఇద్దరం పిలుద్దాం," అంది వదిన.

కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. కొన్ని వాళ్లను చూసి మూసుకున్నాయి. ఎదురింటి గుమ్మంలో అమ్మన్నగారు తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. తరవాత రామతులసి వేలికి అందేటట్టు నుదురు ముందుకు వంచింది.

బొట్టు పెట్టే చేతికి మొగుడున్నాడా లేడా అని ఏటి నడుమ తీగ ఏనాడూ అడగలేదు. నోరున్న మనమూ ఆ ప్రశ్న మానుకున్ననాడే ఈ దేశంలో చాలామంది ఆడవాళ్ల కళ్లకు కాస్త కునుకు పడుతుంది.