నేల మీద కూర్చున్నవాళ్లు

మా ఆఫీసులో తప్పు ఒప్పుకున్నవాళ్లకు చప్పట్లు కొట్టాలి. రోజూ పొద్దున్నే అందరం గుండ్రంగా నిలబడతాం. ఎవరో ఒకరు మధ్యలోకి వచ్చి నిన్న తాను చేసిన తప్పు చెప్పుకుంటారు. మేం చప్పట్లు కొడతాం. ‘మనమంతా ఒకే కుటుంబం’ అంటాడు మేనేజర్ అనురాగ్. ఏ కుటుంబంలో ఇలా చేస్తారో నాకైతే తెలీదు. ఆ రోజు మధ్యలో నిలబెట్టింది శ్రీదేవిని.

గోడ మీద పెద్ద తెరలో ఆమె నాన్న కనబడుతున్నాడు.

మా పనేమిటో ముందు చెప్పాలి. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊరి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీల మీద కెమెరాలు పెట్టారు. సాక్చి బజారు వెనక ఓ బిల్డింగులో కూర్చుని ఆ వీడియోలు మేం చూస్తాం. పని చేస్తున్న మనిషి చుట్టూ పచ్చ గడి, ఖాళీగా ఉన్న మనిషి చుట్టూ ఎర్ర గడి. గడి గీసేది యంత్రం. అది తప్పు గీస్తే మేం దిద్దుతాం. మేం దిద్దింది చూసి అది నేర్చుకుంటుంది. ఎర్ర గడులు పేరుకుంటే ఆ మనిషి గేటు పాసు ఆగిపోతుంది. పాసు ఆగినవాణ్ణి ఏ కాంట్రాక్టరూ పనిలో పెట్టుకోడు.

నేల మీద కూర్చున్న మనిషి ఖాళీ. ఇదీ అనురాగ్ పెట్టిన రూలు. అతను ఆఫీసర్లుండే అగ్రికో క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఇంజినీరుగారబ్బాయి. కుర్చీలో కూర్చుంటే పని, నేల మీద కూర్చుంటే సోమరితనం. అందులో తప్పుందని అతనికి కలలో కూడా తోచలేదు. శ్రీదేవి నాన్న ఆదిబాబు గొంతుక్కూర్చుని పైపుల జాయింట్లకు పట్టిన తుప్పును వైరు బ్రష్షుతో గీకుతాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మావాళ్లు సగం పనులు అలా కూర్చునే చేస్తారు. కెమెరా ఉన్నది వీపు వైపు. చేతులు దానికి కనబడవు.

శ్రీదేవి ఆ ఎర్ర గడిని పచ్చగా మార్చింది.

“ఎందుకు మార్చావు?” అన్నాడు అనురాగ్ మెత్తగా. అతను గొంతు పెంచడు, అదే అతనితో వచ్చిన చిక్కు.

“పని చేస్తున్నాడు సర్. మా నాన్న.”

“అదే సమస్య. నాన్న కాబట్టి నీకు పని కనబడింది. యంత్రానికి బంధువులు లేరు. సారీ చెప్పు.”

చెప్పింది. మేం చప్పట్లు కొట్టాం. సిగ్గులేని చప్పట్లు. గడి మళ్లీ ఎర్రబడింది. మర్నాడు ఆదిబాబు గేటు దగ్గర కార్డు ఆనిస్తే తలుపు తెరుచుకోలేదు.

ఆ సాయంత్రం కూలీల బస్తీ సీతారాండేరాలో శ్రీదేవి వాళ్లింటికి వెళ్లాం, నేనూ ప్రవీణ్, మైత్రి. ముగ్గురం శ్రీదేవి పక్క సీట్లలో పనిచేసేవాళ్లమే. ఆదిబాబు గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా కూతురు చెబుతుంటే విన్నాడు. ఉద్యోగం పోగొట్టుకునే పని ఎందుకు చేశావని తిడతాడనుకున్నాం. ఆయన అడిగింది వేరు.

“నా పక్కన సిన్నారావు ఉండాల గదా. ఆడి గడి ఏటి సేసినావు?”

శ్రీదేవి తల వంచుకుంది.

“నన్నడుగు, నాను సెప్తాను,” అని లేచాడు ప్రవీణ్. చిన్నారావు అతనికి మేనమామ. “ఎర్రగానే ఒదిలేసింది. వీళ్ల నాన్నకొక్కడికే పచ్చ. మా మావ సోమరిపోతేటి?”

“ఇద్దరివీ మారిస్తే పట్టుకుంటారని...”

“అయితే పట్టుకోలేదేటి మరి?”

“ఆగండర్రా,” అన్నాడు ఆదిబాబు. “ఆడూ నానూ ఒకే పైపు కాడ కూకుంటాం. ఎర్ర గడిలోంచి నన్నొక్కణ్ణే తీసేత్తే రేపు ఆడి మొకం నానెలా సూడాల గుంటా? నా పాసు పోతే పోయింది. ఇదెక్కడి నాయం?”

నాన్న అలా అనేసరికి శ్రీదేవి ఏడ్చేసింది. మాకూ ఏడుపొచ్చినంత పనైంది. అనురాగ్ మంచివాడే, మాట్లాడి చూద్దామంది మైత్రి. ఆమె నాన్న కూడా ఇంజినీరే. ప్రవీణ్ చెయ్యి విదిలించాడు.

“ఛోడ్ నా యార్. హమ్ తో టెక్ వాలే హైఁ. ఈ యూనియన్ గొడవలు మనకెందుకు?”

“టెక్ వాళ్లమా?” శ్రీదేవి కళ్లు తుడుచుకుంది. “మీ మావ ఖాళీ అని నువ్వు నొక్కుతున్నావు, మా నాన్న ఖాళీ అని నేను నొక్కుతున్నాను. ఇద్దరి నోటి దగ్గరి కూడూ మన చేత్తోనే తీయిస్తున్నారు. మన నెత్తి మీద కెమెరా లేదా? మన గడి ఎర్రబడితే మార్చేదెవరు?”

చాలాసేపు కొట్లాడుకున్నాం. చివరికి ఒక మాట మీదికొచ్చాం. ఇక నుంచి గొంతుక్కూర్చున్న ప్రతి మనిషికీ పచ్చే. మనవాడైనా, సంతాలీ అయినా, ఒడియా అయినా.

“మీరు పైన సెయ్యాల్సింది సెయ్యండి,” అన్నాడు ఆదిబాబు. “కింద సంగతి మేం సూత్తాం.”

మాట సీటు నుంచి సీటుకు పాకింది. తెర మీద పచ్చ గడులు పెరిగాయి. అనురాగ్ కనిపెట్టేసరికి ఈ యంత్రాన్ని కొనే క్లయింటు వచ్చే రోజు రానే వచ్చింది. యంత్రం ఎలా పనిచేస్తుందో అతిథులకు చూపించాలని మా ఆఫీసు కెమెరానే, మేం దిద్దకముందున్న పాత రూలు మీద, పెద్ద తెరకు కలిపాడు. అందులో మేమే కనబడుతున్నాం, ఒక్కొక్కరి చుట్టూ ఒక్కో పచ్చ గడి. సూట్లు వేసుకున్నవాళ్లు వెనక నిలబడ్డారు.

“ఒక చిన్న పొరపాటు జరిగింది,” అన్నాడు అనురాగ్ నవ్వుతూ. “చేసినవాళ్లు వచ్చి ఒప్పుకుంటారు. మన కల్చర్ అదే.”

శ్రీదేవి మధ్యలోకి నడిచింది.

“తప్పు నాదే. మా నాన్న గడి ఒక్కటే మార్చాను. పక్కన అదే పని చేస్తున్న మనిషిని వదిలేశాను. ఆపేసిన పాసులన్నీ తెరవండి సర్. అందరివీ.”

అప్పుడు కొట్టాం చప్పట్లు. ఎవరూ చెప్పకుండా, అరిచేతులు మండేలా కొట్టాం. అనురాగ్ గొంతు పెంచడం మొదటిసారి విన్నాం.

“ఇది ఆఫీసు! వెళ్లి పని చేసుకోండి!”

శ్రీదేవి తన ల్యాప్‌టాప్ తీసుకుంది, అక్కడే నేల మీద గొంతుక్కూర్చుంది, మోకాళ్ల మీద పెట్టుకుని పని మొదలెట్టింది. తెర మీద ఆమె గడి ఎర్రబడింది. ఆమె వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. ప్రవీణ్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. మైత్రికి అలా కూర్చోవడం చేతకాదు, ప్రవీణ్ భుజం పట్టుకుని ఎలాగో కూర్చుంది. తర్వాత మేమంతా. పనిచేస్తున్న మా అందరి మీదా ఎర్ర గడులే. నిలబడి చూస్తున్న అనురాగ్ ఒక్కడి మీద పచ్చ గడి ఉంది. అతిథుల్లో ఎవరో ఫక్కున నవ్వారు.

సెక్యూరిటీ వచ్చింది. శ్రీదేవి మెడలోంచి ఐడీ కార్డు లాగేసి ఆమెను మెట్ల వైపు నడిపించారు. కూర్చున్నవాళ్లం లేచాం. మా మెడలోని కార్డులు మేమే తీసి టేబుల్ మీద పడేశాం. రేపు ఇంట్లో ఏం చెప్పాలో ఒక్కరికీ తెలీదు. భయం లేదంటే అబద్ధమే. అయినా ఆమె వెనకే దిగాం.

కింద రోడ్డు మీద ఆటోలు ఆగిపోయి ఉన్నాయి. బిల్డింగు గేటుకు అడ్డంగా, పాసులు ఆగిన కూలీలు వరసలు వరసలుగా గొంతుక్కూర్చుని ఉన్నారు. ముందు వరసలో ఆదిబాబు, ఆయన పక్కనే చిన్నారావు. కూతురి ఖాళీ మెడ చూశాడు ఆదిబాబు. చూశాడు గానీ లేవలేదు.

“జరగండ్రా,” అన్నాడు వెనక్కి తిరిగి. “పిల్లలకి జాగా ఇయ్యండి.”

జరిగారు. మేం కూర్చున్నాం. ఇంకా లేవలేదు.