చొక్కాకో లెక్క

అక్క ఒకసారి కాదందంటే ఇక దేవుడు దిగొచ్చినా అవుననిపించలేడు. అది తెలిసి కూడా బస్సు డ్రైవరు డ్యూటీ దిగగానే కూతురిని వెంటబెట్టుకుని అక్క ఇస్త్రీ దుకాణానికి వెళ్లాడు. పిల్లకి ఇంకో నెలలో స్కాలర్‌షిప్ పరీక్ష. లెక్కలన్నీ వచ్చు, గడియారం చూస్తే మాత్రం భయపడి వచ్చినవీ మర్చిపోతుంది. ఆ భయం పోగొట్టగల మనిషి అతనికి తెలిసి ఒక్కతే.

"నన్నెందుకురా అడుగుతావు? నీకు చెప్పి ఏం ఉద్ధరించాను?" అంది అక్క, చేతిలో ఇస్త్రీపెట్టె ఆపకుండా.

దుకాణం ఏమీ మారలేదు. అదే ఆవిరి వాసన, కాలర్లకి గుచ్చిన అవే నంబరు చీటీలు. పదేళ్లప్పుడు అతను ఈ బల్ల కిందే బట్టల మూటకి ఆనుకుని కూర్చునేవాడు. పద్దెనిమిదేళ్ల అక్క ఇక్కడ కొత్తగా పనికి కుదిరింది, టీచర్ ట్రైనింగుకి దరఖాస్తు తెచ్చిపెట్టుకుంది. ఆవిడ పద్ధతి ఒక్కటే, చొక్కాకో లెక్క. చొక్కా పరిచినప్పుడు లెక్క చదవాలి, మడత పెట్టేసరికి జవాబు చెప్పాలి. రాకపోతే వదిలేసి తర్వాతి లెక్కకి పోవాలి. మొండి ముడత దగ్గర చెయ్యి ఆపితే బట్ట మాడుతుందనేది. చొక్కాలు అయిపోతే దుప్పట్లు, దిండు గలేబులు. అంత సుఖమైన ఎండాకాలం అతనికి మళ్లీ రాలేదు.

ఇంతా చేసి అతను ఇదే స్కాలర్‌షిప్ పరీక్ష తప్పాడు. "నాకు చెప్పడం చేతకాలేదు" అని అక్క దరఖాస్తు చింపి పొయ్యిలో పడేసింది. ఆ తర్వాత ఎవరి పిల్లలు పుస్తకం పట్టుకొచ్చినా ససేమిరా అంది.

"ఒక్క లెక్క చెప్పవా అత్తా?" అని అడిగింది పిల్ల.

"వద్దు తల్లీ. ఒకణ్ణి ముంచాను, చాలు."

ముప్పై రెండేళ్లుగా దాచుకున్న మాటని డ్రైవరు అప్పుడు కక్కేశాడు.

"నువ్వు ముంచలేదక్కా. ఏడో ప్రశ్న రాకపోతే నువ్వు చెప్పినట్టే వదిలేశా. కానీ జవాబుల కాగితంలో ఎనిమిదోదాని జవాబు ఏడో వరసలో నింపేశా. అక్కణ్ణుంచి అన్నీ ఒక్కో వరస పైకి పోయాయి. ఒక గుండీ తప్పు కాజాలో పెడితే చివరిదాకా తప్పేగా, అలా. గంట కొట్టాక చూసుకున్నా."

"మరి అప్పుడే చెప్పడానికేం?"

"తిడతావని భయం. ఈలోగా నువ్వు దరఖాస్తు చింపేశావు. ఇక ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

పదేళ్ల పిల్లాడి భయాన్ని మన్నించొచ్చు. నలభై దాటినవాడు నోరు మెదపకపోవడానికి మాత్రం ఏ సాకూ లేదు, ఆ సంగతి అతనికీ తెలుసు. తిడితే పడదామని తలవంచుకుని నిలబడ్డాడు.

అక్క తిట్టలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్ ఆపి, మూట మీద కూలబడింది.

"మిగతావి?" అంది. "తప్పు వరసలో నింపితే నింపావు. జవాబులు కరెక్టేనా?"

"అన్నీ కరెక్టే. తర్వాత జవాబుల పట్టిక వస్తే దొంగచాటుగా సరిచూసుకున్నా. ఆ ఏడోది తప్ప నువ్వు చెప్పినవన్నీ వచ్చాయక్కా."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మేనకోడలిని దగ్గరికి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ వరస తప్పిన సంగతి ఇంకోసారి చెప్పరా," అంది తమ్ముడితో. "దీనికి మొదటి పాఠం అదే. ఈసారి పిల్లకి వినబడేలా గట్టిగా చెప్పు."