అల్లుడిగారి తూటాలు

దైవాశీర్వాదం తన తూటాలు తనే చేసుకుంటాడు. అరోరా ఊళ్ళో వాళ్ళ కారు ఎండకీ మంచుకీ బయటే పడి ఉంటుంది, గరాజంతా మాత్రం ఆయన రీలోడింగ్ బెంచీదే. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు కడిగి, తుపాకిమందు తూచి పోసి, మూతికి కొత్త బుల్లెట్ బిగించి, ఒక్కోదాన్నీ లైటు కింద తిప్పి చూసుకుని మురిసిపోతాడు. తెలుగు చర్చిలో ఈ పిచ్చి ఇంకెవరికీ లేదు. భార్య కరుణమ్మకైతే ఆ గరాజ్ వైపు చూస్తేనే ఒళ్ళు మండుతుంది. అందుకని ప్రతి శనివారం తుపాకులు కాల్చే రేంజ్‌కి ఒంటరిగా పోయి ఒంటరిగా వస్తుంటాడు పాపం.

అలాంటిది, కూతురు పర్సిస్ పెళ్ళయిన నెలకే అల్లుడు కెన్నీ ఈ శనివారం తనూ వస్తానన్నాడు. దైవాశీర్వాదానికి కాళ్ళు నేల మీద ఆనలేదు. కెన్నీ డాలస్‌లో పుట్టి పెరిగినవాడు. బంగారం లాంటి పిల్లాడే కానీ, అత్తారింట్లో ఇంకా సోఫా అంచునే కూర్చుంటాడు. ఏం పెట్టినా చాలా బాగుందంటాడు. ఆ మర్యాద చూస్తేనే మామగారికి గుబులు. ఈ ఒక్క శనివారం కుదిరితే కుర్రాడు తనకి దగ్గరవుతాడు, చెడితే మళ్ళీ రాడు. అదీ ఆయన బెంగ.

మరి కొత్తల్లుడికి రోజువారీ సరుకు పెడతామా? తన పాత రైఫిల్లో ఎనిమిదేళ్ళుగా యాభై ఐదు గ్రెయిన్ల బరువుండే చవక బుల్లెట్లే వాడుతున్నాడు దైవాశీర్వాదం. రైఫిల్ అమ్మినాయన అవే వాడమన్నాడు, ఈయన ఎందుకని అడగలేదు. ఇప్పుడు షాపుకెళ్ళి, పోటీల్లో వాడే డెబ్బై ఏడు గ్రెయిన్లవి, పొడుగ్గా నాజూగ్గా ఉన్నవి కొనుక్కొచ్చాడు. పుస్తకం చూసి మందు తగ్గించాడు, తూకంలో ఎక్కడా పొరపాటు రానివ్వలేదు. అన్నీ చేసి అల్లుడి కోసం వేరే డబ్బాలో సర్దాడు. బరువెక్కువైతే మర్యాద ఎక్కువని, పెళ్ళి గొలుసులు కొనేటప్పటి లెక్కే ఇక్కడా వేశాడు మహానుభావుడు.

శనివారం పొద్దున మొక్కజొన్న చేల మధ్యనున్న రేంజ్‌కి చేరారు. ఉన్నది ఒకటే రైఫిల్. ముందు మామగారు తన మామూలు తూటాలు కాల్చాడు. వంద గజాల అవతల కాగితం మధ్యలో అరచేయంత మేరలో అన్నీ పడ్డాయి. తర్వాత అల్లుడు, అల్లుడిగారి డబ్బా. ఒకటి పైన తగిలింది, ఒకటి కింద మూలకి పోయింది, కొన్ని అసలు కాగితానికే తగల్లేదు. కెన్నీ రైఫిల్ బల్ల మీద పెట్టేసి, తన చెయ్యి దీనికి పనికిరాదని, ఇంకెప్పుడూ అంకుల్ టైమ్ వేస్ట్ చేయనని నవ్వుతూనే చెప్పాడు.

దైవాశీర్వాదం ఏం తోచక దుర్భిణి కంటికి పెట్టుకున్నాడు. తన చిల్లులు గుండ్రంగా ఉన్నాయి. అల్లుడివి పక్కకి పడుకున్నట్టు పొడుగ్గా ఉన్నాయి. అంటే బుల్లెట్ మొనతో కాక, గాల్లో పల్టీ కొట్టి అడ్డంగా తగిలిందన్నమాట. చెయ్యి ఎంత వణికినా చిల్లు పొడుగవదు.

రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు ఊడదీసి, శుభ్రం చేసే కడ్డీకి గుడ్డ బిగించి బ్యారెల్లోకి తోశాడు. బుల్లెట్ని గిరగిరా తిప్పే లోపలి మెలికల గాడుల వెంట కడ్డీ తిరుగుతూ పోయింది. దానికి అంటించిన టేపు ముక్క ఒక చుట్టు పూర్తిగా తిరిగేసరికి కడ్డీ పన్నెండు అంగుళాలు లోపలికి వెళ్ళింది. ఫోన్లో చూశాడు. పొట్టి బుల్లెట్‌కి ఆ తిప్పుడు చాలు. ఇంత పొడుగుదానికి ఏడెనిమిది అంగుళాలకే ఒక చుట్టు పడాలి, లేకపోతే తాడు సరిగా చుట్టని బొంగరంలా ఊగి పడిపోతుంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తూకాల్లో, కొలతల్లో తనంత పక్కా మనిషి లేడని చర్చిలో పేరు. పెళ్ళయి నెలే అయిన అల్లుడి ముందు ఆ పేరు పోగొట్టుకోవడం చిన్న సంగతేం కాదు. కానీ అక్కడ కుర్రాడు తలొంచుకుని సంచీ సర్దుకుంటున్నాడు.

"తప్పు మీ చేతిది కాదు బాబూ, నాది," అన్నాడు దైవాశీర్వాదం. "మీకు మంచివి పెడదామని బరువైనవి తెచ్చాను. ఈ బ్యారెల్‌కి అవి పడవు. ముందే చూసుకోవలసింది, చూసుకోలేదు."

కెన్నీ సంచీ వదిలేసి వచ్చి, కడ్డీ తనూ ఒకసారి తోసి చూశాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు. "పెళ్ళి నుంచి అందరూ నాకు స్పెషల్‌గా ఇస్తున్నారు అంకుల్. ఇట్స్ నైస్. కానీ నాకు గెస్ట్ లాగ ఉంది. మీరు షూట్ చేసేవే నాకు కూడా ఇవ్వండి."

దైవాశీర్వాదం తన డబ్బా అల్లుడి ముందుకి జరిపాడు.

కెన్నీ కాల్చాడు. ఈసారి చిల్లులు గుండ్రంగానే పడ్డాయి, కాకపోతే కాగితం నాలుగు మూలలా పడ్డాయి. కుర్రాడి చెయ్యి కూడా నిజంగానే అంతంతమాత్రం.

"ఆ మోచెయ్యి ఏమిట్రా అలా గాల్లో వేలాడుతోంది? బల్లకి ఆనించు. ట్రిగ్గర్ లాగకూడదు, మెల్లిగా నొక్కాలి," అనేసి దైవాశీర్వాదం వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

కెన్నీ కుర్చీ ముందుకి లాక్కుని, మోచెయ్యి బల్లకి ఆనించి, వచ్చే శనివారం ఎన్నింటికి బయల్దేరాలని అడిగాడు.